నలభై రెండో నత్త

కోడలు దూదిపుల్లతో ప్లాస్టిక్ పెట్టె గాడిని తుడుస్తోంది. పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, గాజులా అవతలివన్నీ కనిపిస్తాయి. మూత అంచు ఒక్కటే లోపలిది కనిపించని నల్లటిది. దాని చుట్టూ అగ్గిపుల్ల మందాన ఒక గాడి, ఆ గాడిలో కూర్చోవడానికి ఒక నల్లటి రబ్బరు రింగు. రింగును అప్పటికే ఊడదీసి, వేళ్ళ మధ్య జరుపుతూ కిటికీ వెలుతురులో మూడుసార్లు చూసి, ఆవగింజంత గ్రీజు రాసి, ఉతికిన చేతిరుమాలు మీద పెట్టింది. ఇప్పుడు గాడి వంతు. అందులో ఒక్క వెంట్రుక ఉండిపోయినా చాలు, సముద్రం ఆ వెంట్రుకను పట్టుకుని లోపలికి వచ్చేస్తుంది. లోపల ఉండేది కెమెరా.

"గ్రీజు చాల్లేదు," అన్నాడు మావయ్య, కుర్చీలోంచి.

"సరిపోతుంది మావయ్యా."

"సరిపోతుందని నువ్వంటున్నావు. నీళ్ళనడిగావా?"

కోడలు నవ్వి ఊరుకుంది. ఆమె మాట్లాడేది తక్కువ. ఆ ఇంట్లో మిగతావాళ్ళు ఆ లోటు తెలియనివ్వరు.

మావయ్య నలభై ఏళ్ళుగా ప్లంబరు. పని పూర్తయ్యాక సామాను సంచిలో సర్దుకుంటూ, "చుక్కైనా పడుతోందా?" అని అడిగి, ఇంటివాళ్ళు లేదనేదాకా గుమ్మం దిగడు. అందుకే ఊళ్ళో అందరికీ ఆయన చుక్కల మేస్త్రి. ఎవరింటికి వెళ్ళినా కూర్చోకముందే చెవి నిక్కిస్తాడు. కొడుక్కి సంబంధం మాట్లాడటానికి కోడలి పుట్టింటికి మొదటిసారి వెళ్ళినప్పుడు, అమ్మాయిని చూడకముందే వంటింట్లోకి వెళ్ళి కుళాయి బిగించి వచ్చాడు. "వాషరు అరిగిపోయిందండీ, మిగతా అంతా నాకు నచ్చింది," అన్నాడట.

అలాంటి మనిషి ఇంట్లో, నీళ్ళు లోపలికి రాకూడని పెట్టె ఒకటి బల్లమీద ఉంది. దాన్ని ఆయన ముట్టుకోకూడదు. ఇది ఆయనకి పెద్ద పరీక్షే.

"ఆ సన్నటి రింగు ఒక్కదాన్నీ నమ్ముకుని సముద్రంలోకి దిగడమేంటి తల్లీ? నేను రెండంగుళాల పైపుకే రింగుమీద రింగు వేస్తాను."

"ఇది అలా వేసేది కాదు మావయ్యా. కంపెనీవాళ్ళు ఎంత కావాలో అంతే చేశారు."

"కంపెనీవాడు నాలుగు గోడల మధ్య కూర్చుని చేశాడు. వాడింట్లో పైపు పగిలితే నాలాంటివాడికే ఫోన్ చేస్తాడు."

కోడలు రింగును గాడిలో కూర్చోబెట్టి, ఖాళీ పెట్టెలో కాగితం రుమాలు ఒకటి మడిచిపెట్టి, మూత వేసి, రెండు క్లిప్పులూ నొక్కింది. టక్, టక్. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి బకెట్టులో ముంచింది. పెట్టె పైకి తేలకుండా మావయ్య పెద్ద పైపు రెంచిని దానిమీద పెట్టింది. ప్రతి శనివారం సాయంత్రం ఇదే తంతు. పావుగంట తర్వాత కాగితం పొడిగా ఉంటే, ఆదివారం పొద్దున్న కెమెరా పెట్టవచ్చు.

"నీ పెట్టె స్నానం అయితే నేను చేస్తానే," అంది అత్తయ్య గుమ్మంలో తువ్వాలుతో నిలబడి. "అయినా ఇంత హడావిడి ఎవరికోసం? ఏ చేపకో అయితే అర్థముంది, వండుకుంటాం. నత్తకి!"

"నత్తే అత్తయ్యా. కాని గుల్ల ఉండదు. రంగులుంటాయి."

"గుల్ల లేని నత్తంటే ఇల్లు అమ్ముకుని మంచి బట్టలు కొనుక్కున్నట్టుంది."

కాగితం పొడిగానే ఉంది. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. తప్పు దొరకలేదు. దానికి కొంచెం నొచ్చుకున్నట్టే కనిపించాడు.

* * *

కోడలు ఫోటో స్టూడియోలో పనిచేస్తుంది. రోజుకి ముప్పై నలభై పాస్‌పోర్టు ఫోటోలు తీస్తుంది. గడ్డం కొంచెం దించండి, రెండు చెవులూ కనపడాలి, రెప్ప వేయకండి. రోజంతా కలిపి ఆమె మాట్లాడే మాటల్లో సగం ఇవే. రెండేళ్ళ క్రితం, రేవు దగ్గర డైవింగ్ నేర్పే మాస్టారు కొన్ని ఫోటోలు ప్రింటు వేయించుకోవడానికి వచ్చాడు. అన్నీ నీలంగా, అలికినట్టు ఉన్నాయి.

"ఎవరివండీ ఇవి?" అని అడిగింది.

"సముద్రపు నత్తలవమ్మా. కదిలిపోయాయి."

"నత్తలు కదల్లేదండీ. మీరు కదిలారు," అంది కోడలు.

మాస్టారికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ప్రింట్లు బాగా వేసి పెడితే డైవింగ్ నేర్పుతానన్నాడు. చిన్నప్పుడు బడికి కాలవ ఈది వెళ్ళిన పిల్ల ఆమె, నీళ్ళంటే భయం లేదు. సిలిండరు వీపున కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నిదానంగా గాలి పీలుస్తూ నీళ్ళలో దిగాక, కింద ఎవరూ మాట్లాడరని తెలిసింది. ఆరోజే ఆ చోటు ఆమెకి తెగ నచ్చేసింది.

ఇంట్లో ఒప్పించడం కష్టమే అయింది. భర్త బస్సు డ్రైవరు. వాన నీళ్ళు నిలిచిన రోడ్డు కనబడితే బస్సును పక్క వీధిలోంచి తిప్పే రకం. మావయ్య మాత్రం వెంటనే సరేనన్నాడు, కాని తనను రమ్మనవద్దన్నాడు. "కట్టేయడానికి వాల్వు ఎక్కడుందో తెలియని నీళ్ళలో నేను దిగను," అన్నాడు. సముద్రం ఇంటికి పది నిమిషాల దూరం. ఆయన పాదం తడిసింది లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారు తీసుకెళ్ళే పగడపు దిబ్బమీద దొరికే నత్తలన్నిటితో పెద్ద పటం ఒకటి అచ్చువేస్తున్నారు. కాలేజీలో సముద్రజీవుల గురించి చెప్పే మేడం వేయిస్తోంది. బడులన్నిటిలో గోడకి తగిలిస్తారట. ఒక్కో ఫోటో కింద, మొదట చూసినవాళ్ళ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇప్పటికి నలభై ఒకటి దొరికాయి. నలభై రెండోదాన్ని కోడలు చూసింది. రెండు నెలల క్రితం, బోర్లించిన మూకుడులాంటి పగడపు రాయి కింద. బియ్యపుగింజంత ఉంది, వంకాయ రంగు ఒళ్ళు, చుట్టూ నారింజ రంగు కుచ్చు. కెమెరా సర్దుకునేలోగా రాయి కిందికి వెళ్ళిపోయింది.

ఎవరూ నమ్మలేదు. "వల దారం ముక్కయి ఉంటుందమ్మాయ్," అన్నాడు మాస్టారు జాలిగా. పడవమీద మిగతావాళ్ళయితే, "ఇవాళ నీ దారప్పోగు కనిపించిందా?" అని ప్రతి ఆదివారం పలకరించేవాళ్ళు. గట్టిగా వాదించే మనిషి అయితే వాళ్ళ నోళ్ళు మూయించి ఉండేది. ఈమె వాదించలేదు. ప్రతి ఆదివారం అదే రాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

రేపు ఆఖరి ఆదివారం. ఎల్లుండి నుంచి నాలుగు నెలలపాటు సముద్రం పోటుమీద ఉంటుంది, పడవలు కదలవు. పటం రేపు సాయంత్రం అచ్చుకి వెళుతుంది. మేడం ఒక్కటే షరతు పెట్టింది. రెండు కొమ్ములూ, వీపుమీద పువ్వులాంటి మొప్పలూ ఒకే ఫోటోలో స్పష్టంగా రావాలి, లేకపోతే లెక్కలోకి రాదు. మాస్టారు ఇదేం చాదస్తమని విసుక్కున్నాడు. కోడలికి మాత్రం న్యాయంగానే తోచింది. పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు చెవుల గురించి ఇంతకంటే పట్టుబట్టి అడుగుతారు.

* * *

ఆదివారం పొద్దున్న రింగును ఇంకోసారి చూసి, కెమెరా పెట్టెలో పెట్టి, మూత వేసి, క్లిప్పులు నొక్కి, చుట్టూ వేలితో తడిమి చూసుకుంది. ఆమెకో నియమం ఉంది. ఒకసారి మూసిన పెట్టెను నీళ్ళలోంచి వచ్చేదాకా తెరవకూడదు. తెరిస్తే మళ్ళీ మొదటినుంచి తుడవాలి. పెట్టెను బల్లమీద ఉంచి స్నానానికి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి మావయ్య బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"వెళ్ళిరా తల్లీ," అన్నాడు. "ఇవాళ దేనికీ భయపడక్కర్లేదు."

"నేనెప్పుడూ భయపడలేదు కదా మావయ్యా."

"నువ్వు పడవు. నేను పడేవాణ్ణి."

ఆ మాట ఆమెకి బాగా తగిలింది. పెట్టెను తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరింది. నియమం ప్రకారం తెరవలేదు.

నీళ్ళలో దిగి తొమ్మిది మీటర్ల లోతుకి చేరేసరికి మూకుడు రాయి కనిపించింది. మాస్టారు జంటగా ఆమె వెనకే ఉన్నాడు. ఆయన చేతులు కట్టుకుని నీళ్ళలో వేలాడుతూ, ఆకుపచ్చ చేపల గుంపును చూసి కాలక్షేపం చేస్తున్నాడు. కోడలు రాయి పక్కన ఇసుకమీద, దేన్నీ తాకకుండా, ఊపిరి నిదానించి ఎదురుచూసింది. గాలి బుడగలు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. ఇరవై నిమిషాలు. స్టూడియోలో పసిపిల్లల ఫోటోలకి ఇంతకంటే ఎక్కువసేపు ఎదురుచూసిన రోజులున్నాయి.

రాయి అంచున నారింజ రంగు గీత ఒకటి కదిలింది.

అదే. వంకాయ రంగు ఒళ్ళు, కుచ్చు, వీపు చివర చిన్న పువ్వు. తీరిగ్గా, ఎవరితోనూ పనిలేనట్టు పాకుతోంది. ముఖం మాత్రం అవతలికి ఉంది. కోడలు ఒక్క అంగుళం ముందుకి జరిగి పెట్టెను కంటికెదురుగా పెట్టుకుంది. ఇటు తిరగండి, అనుకుంది మనసులో. గడ్డం కొంచెం దించండి.

అప్పుడు చూసింది. పెట్టెలోపల అడుగున ఒక గీత. మేస్త్రీల రసమట్టం గొట్టంలో బుడగ ఎలా అటూ ఇటూ జరుగుతుందో, అలా జరుగుతోంది. నీళ్ళు.

రెండు నెలలు ఎదురుచూసిన నత్త ఎదురుగా ఉంది, చెంచాడు సముద్రం కెమెరా పక్కన ఉంది. మాస్టారు కూడా చూశాడు. కళ్ళు పెద్దవి చేసి, బొటనవేలు పైకెత్తి చూపించాడు. నీళ్ళ కింద ఆ వేలికి అర్థం ఒకటే, పైకి పద అని. కోడలు ఒక్క వేలు చూపించింది. ఒక్క నిమిషం. ఆయన మళ్ళీ బొటనవేలు. ఆమె మళ్ళీ ఒక్క వేలు. మాటల్లేకుండా ఇద్దరు మనుషులు ఇంత గట్టిగా పోట్లాడుకోవచ్చని ఆ చేపలకి అప్పటిదాకా తెలిసి ఉండదు.

ఆమెకి వంటింటి పైపు పగిలిన రోజు గుర్తొచ్చింది. ఆరోజు ఆమె గుడ్డలు తెచ్చి కుక్కబోతే మావయ్య ఆపాడు. పగులుకి ఒక తాడు కట్టి, దాని రెండో కొస బకెట్టులో వేశాడు. నీళ్ళు తాడు వెంట బుద్ధిగా దిగాయి. "ఆపలేకపోతే పోనీ తల్లీ. ఎటు పోవాలో మాత్రం మనమే చెప్పాలి," అన్నాడు.

కోడలు పెట్టెను ఒక మూలకి వంచింది. గీత జరిగి జరిగి, కెమెరాకి దూరంగా ఆ మూలన చేరింది. ఇప్పుడు పెట్టె వంకరగా ఉంది కాబట్టి, నత్త నిటారుగా రావాలంటే తను వంకరగా ఉండాలి. తల కిందికి, కాళ్ళు పైకి, ఒక భుజం పక్కకి వాల్చి, మంచంలోంచి జారిన మనిషిలా నీళ్ళలో వేలాడుతూ గురిచూసింది. మాస్టారు తల పట్టుకున్నాడు.

నత్త ఆగింది. ఏదో ఆలోచించుకున్నట్టు మెల్లగా ఇటు తిరిగింది. రెండు కొమ్ములు, వెనక పువ్వు. కోడలు నొక్కింది. మళ్ళీ నొక్కింది. తొమ్మిదోసారి నొక్కాక తెర నల్లబడిపోయింది.

పైకి బయల్దేరారు. కాని డైవింగులో ఉరుకులు పరుగులు పనికిరావు. ఐదు మీటర్ల దగ్గర ఆగి, ఒంట్లో గాలి సర్దుకునేదాకా మూడు నిమిషాలు ఉండాలి. మాస్టారు మూడు వేళ్ళు చూపించి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. కోడలు పెట్టెను అంచుదాకా నిండిన పాలగిన్నెలా వంకరగా పట్టుకుని, కదలకుండా నిలబడింది. కాన్పు గది బయట తండ్రులు కూడా అంత పొడుగు మూడు నిమిషాలు చూసి ఉండరు.

పడవ ఎక్కగానే మాస్టారు సిలిండర్లు సర్దడానికి అటు వెళ్ళాడు. కోడలు ఇటు తిరిగి, చేతులు తుడుచుకుని క్లిప్పులు తీసింది. మూతతోపాటు తెల్లటిదేదో సాగుతూ వచ్చింది. పల్చగా, మెత్తగా, పాల మీగడలా. నల్లటి రింగు చుట్టూ చక్కగా, ఒక్క ముడత లేకుండా, చేయితిరిగిన మనిషి చుట్టిన టేపు. కుళాయి మరలకి చుట్టేది. దాని కొస ఒకటి ఊడి, కెమెరా ముందుదాకా జారి ఉంది.

ఎవరు, ఎప్పుడు అని ఆమె ఆలోచించాల్సిన పనిలేదు. ఆ టేపు చుట్లు వాళ్ళింట్లో ఉప్పు డబ్బా పక్కన కూడా ఉంటాయి.

మొదట ఏడుపొచ్చింది. తర్వాత "నేను పడేవాణ్ణి" అన్న మాట గుర్తొచ్చింది. టేపును లాగి, ఉండచేసి, సంచి అడుగున దాచింది. కెమెరాలోంచి ఫోటోల కార్డు తీసి, తుడిచి, ఎండలో తువ్వాలుమీద పెట్టి, దాని పక్కన కాపలా కూర్చుంది.

"రింగులో ఏమైనా పడిందా?" అన్నాడు మాస్టారు వచ్చి.

"ఏమో మాస్టారూ," అంది. అబద్ధాలు ఆమెకి అలవాటు లేవు. అందుకే చిన్నది ఎంచుకుంది.

* * *

ఫోటోలు సాయంత్రంలోగా పంపాలి కాబట్టి మాస్టారు ఇంటికి వెంటే వచ్చాడు. మావయ్య గుమ్మంలోనే ఉన్నాడు. పొద్దున్నుంచి అక్కడే ఉన్నాడని అత్తయ్య చెప్పింది. దారినపోయే ముగ్గురిని ఆపి, కోడలి పెట్టెకి ఇక ఢోకా లేదని కూడా చెప్పాడట.

"చుక్కైనా వెళ్ళిందా?"

కోడలు చెప్పులు విప్పుతూ, "నత్త దొరికింది మావయ్యా," అంది.

"దొరక్కేం! నేను చెప్పలా?" అంటూ ఆయన ఖాళీ పెట్టెను అందుకుని బల్లమీద పెట్టాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళి, అత్తయ్య అటు తిరిగి ఉండగా చచ్చిన కెమెరాను బియ్యం డబ్బాలో పూడ్చింది.

భర్త కార్డును టీవీ వెనక గుచ్చాడు. అందరూ కూర్చున్నారు. మొదటి ఫోటో మసక. రెండోది మసక. ఆరోదాంట్లో కొమ్ములున్నాయి, పువ్వు లేదు. ఎనిమిదోదాంట్లో మాస్టారి మోకాలుంది.

తొమ్మిదోది తెరమీదికి వచ్చింది.

బియ్యపుగింజంత ప్రాణి టీవీ నిండా పరుచుకుని, రెండు కొమ్ములు ముందుకి చాచి, నారింజ కుచ్చుల అంగీ వేసుకుని పెళ్ళికి బయల్దేరినట్టుంది.

"దారం కాదు," అన్నాడు మాస్టారు. "దారం కాదమ్మాయ్. తప్పయింది."

ఆ మాట కోసం రెండు నెలలు ఆగిన కోడలికి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆగండాగండి," అని మాస్టారు టీవీ దగ్గరికి ఉరికాడు. "ఈ కింద మూలన తెల్లగా, పట్టీలా... గుడ్లు! ఈ నత్తలు గుడ్లు ఇలాగే పెడతాయి, తెల్లటి రిబ్బను చుట్టినట్టు!"

"ఆ పిసరంత దానికి అంత పొడుగు గుడ్లా?" అంది అత్తయ్య. "పాపం, ఎంత నొప్పిపడిందో! పక్కన ఆడదిక్కు కూడా లేదు."

మాస్టారు అప్పటికే ఫోటోను మేడంకి పంపి, ఫోన్ చేసి, అందరికీ వినపడేలా బల్లమీద పెట్టాడు.

"చూశాను, చూస్తున్నాను!" మేడం గొంతు ఇల్లంతా మోగింది. "ఇది నలభై రెండోదే, అనుమానం లేదు. ఆ తెల్లటివి గుడ్లే అయితే మాత్రం కథ వేరు. ఇక్కడే పిల్లల్ని పెడుతోందన్నమాట. పటం నడిమధ్యలో, అరచేయంత వేయిస్తాను. మసగ్గా ఉందది. చూసినదానివి నువ్వమ్మా, నువ్వు చెప్పు. గుడ్లేనా?"

నడిమధ్యలో. అరచేయంత. కోడలు తెరవైపు చూసింది, తర్వాత మావయ్యవైపు చూసింది. ఆయన లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు సర్దుకుని, తెరమీది తెల్లటి పట్టీ వెడల్పును బొటనవేలూ చూపుడువేలూ దూరంపెట్టి కొలుస్తున్నాడు. ఆయన మెడ వెనక భాగం మాత్రమే కనిపిస్తోంది. అది ఎర్రబడుతోంది.

"గుడ్లు కాదు మేడం," అంది కోడలు.

"మరేంటి?"

"పీచేదో పెట్టెలో ఉండిపోయింది. నేనే చూసుకోకుండా మూత వేశాను. నీళ్ళు కూడా వెళ్ళాయి."

"అయ్యో, ఆమాత్రం చూసుకోవద్దా?" అంది మేడం.

"నువ్వా?" అన్నాడు భర్త. "నువ్వు చూసుకోకుండానా? నా టిఫిన్ డబ్బా మూతే రెండుసార్లు చూస్తావు కదా!"

సరిగ్గా అప్పుడే, రాత్రి వంటకి బియ్యం తీయబోయిన అత్తయ్య వంటింట్లోంచి కేక పెట్టింది. "ఏమేవ్, బియ్యం డబ్బాలో కెమెరా ఉందేంటే? ఇదీ నత్తలకోసమేనా?"

బియ్యంలో ఏం పెడతారో, ఎందుకు పెడతారో మావయ్యకి తెలుసు. తడిసిన ఫోన్లను ఊళ్ళో సగంమంది చేత ఆయనే పెట్టించాడు. వెనక్కి తిరిగాడు. ఫోనువైపు వంగి, దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పాడు.

"అమ్మా, నేను వాళ్ళ మావయ్యని. ఆ అమ్మాయి తప్పేం లేదు. అది టేపు. అరంగుళం టేపు. ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు మూత తీసి నేనే చుట్టాను."

"టేపా? ఎందుకండీ?"

"కారకుండా."

మాస్టారు పైకప్పువైపు చూశాడు. భర్త టీవీ రిమోటుని పరిశీలనగా చూడసాగాడు.

"కుళాయికైతే ఏడు చుట్లు చుడతానమ్మా," అన్నాడు మావయ్య. ఇక ఆగలేకపోయాడు. "దీనికి మూడే చుట్టాను, చిన్నది కదా అని. మర తిరిగేవైపే చుట్టాను. తర్వాత చూస్తే దీనికి మరే లేదు. క్లిప్పు పట్టకపోతే అరచేత్తో నొక్కాను. నలభై ఏళ్ళలో నేను ముట్టుకున్నది ఏదీ కారలేదమ్మా."

ఫోనులోంచి ఏదో చప్పుడొచ్చింది. మేడం దగ్గిందో, నవ్విందో, నవ్వును దగ్గుగా మార్చిందో తెలియలేదు.

"సరేనండీ. ఆ మూల కత్తిరించేస్తాం," అంది. "గుడ్లు లేవు కాబట్టి నడిమధ్యలో రాదు. చివరి వరసలో, కుడివైపు. నత్తకేం లోటు లేదు, రెండు కొమ్ములూ ఉన్నాయి. కింద వేయాల్సిన పేరు చెప్పండి."

కోడలి పేరును మాస్టారు అక్షరం అక్షరం విడదీసి, రెండుసార్లు చెప్పాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ అంత శ్రద్ధగా పలికి ఎరగరు.

"చివరి వరసైతే పిల్లలకి అందుతుంది," అంది కోడలు మెల్లగా. "వేలుపెట్టి చూస్తారు."

మాస్టారు టీ తాగి వెళ్ళిపోయాడు. మావయ్య మాత్రం బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు, ఖాళీ పెట్టె ముందు. కోడలు ఏదో ఒకటి చెప్పాలనుకుంది. ఆ తాడు సంగతి, బకెట్టు సంగతి, పెట్టెను వంచడం తనకి ఎవరు నేర్పారో ఆ సంగతి. మాటలు కూడదీసుకుంటూ ఉండగానే ఆయన కూర్చుని, దూదిపుల్ల అందుకున్నాడు.

గాడిని తుడిచాడు, ఒక మూల నుంచి మొదలుపెట్టి అదే మూలకి వచ్చేదాకా. టేపు పీలిక ఒకటి గోటితో తీసి పక్కన పెట్టాడు. రింగును కిటికీ వెలుతురులో మూడుసార్లు తిప్పి చూశాడు. గ్రీజు తీశాడు. అది శనగగింజంత వచ్చింది. కోడలివైపు చూశాడు. ఆవగింజంత ఉంచుకుని, మిగిలింది తన చొక్కాకే తుడుచుకున్నాడు. రింగును గాడిలో కూర్చోబెట్టి, కాగితం రుమాలు మడిచి లోపల పెట్టి, మూత వేశాడు. టక్, టక్.

కోడలు బకెట్టు నింపడానికి లేవబోయింది. ఆయన అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపాడు. ప్యాంటు కాళ్ళను ఒక్కో మడతే మోకాళ్ళదాకా మడిచాడు. చెప్పులు వేసుకున్నాడు. పెట్టెను చంకలో పెట్టుకున్నాడు. సామాను సంచి మేకుకి వేలాడుతోంది, దానివైపు చూడలేదు.

"ఎక్కడికండీ ఆ వేషంతో? వంట అయిపోవచ్చింది!" అంది అత్తయ్య వంటింట్లోంచి.

మావయ్య గుమ్మం దిగి, వీధిలో అలవాటుగా తిరిగే కుడివైపు కాక, సముద్రం ఉన్న ఎడమవైపుకి తిరిగి వెళ్ళిపోయాడు.